పోరంబోకు కొండలో ఓ ఆదివారం
లావా గుహ చూడాలన్న ఓ పిల్లాడి కోరిక మమ్మల్ని ఢిల్లీ శివార్లలోని మాంగర్‌కు తీసుకెళ్ళింది. చూసింది వేల ఏళ్ళ నాటి గీతలు. మోసుకొచ్చింది ఓ ఖస్రా నంబరు.

కనుమ నాడు మయూర్ విహార్‌లో మా పిన్ని ఇంట్లో గారెలు, కోడికూరతో భోజనాలయ్యాయి. పెద్దవాళ్ళంతా నడుం వాల్చే ప్రయత్నంలో ఉండగా పదకొండేళ్ళ మా మేనల్లుడు సెల్‌ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. హవాయి దీవుల్లో ఎవరో హెల్మెట్లు, టార్చిలైట్లు పెట్టుకుని నల్లటి సొరంగంలో నడుస్తున్నారు. "అత్తా, లావా గుహలోకి మనం కూడా వెళదామా?" అన్నాడు. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదివిన నాకు లావా గురించి తెలిసింది చాలా తక్కువ. పక్క ఫ్లాట్ మాస్టారు ఆదుకున్నారు. ఆంధ్రలో ఓ కాలేజీలో జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన ఆయన కూతురి దగ్గర ఉంటూ ఢిల్లీ చలిని తిట్టుకుంటూ గడుపుతున్నారు.

"అగ్నిపర్వతం నుంచి లావా వాగులా పారేటప్పుడు పైన గాలి తగిలి గట్టిపడుతుంది నాన్నా, పాల మీద మీగడ కట్టినట్టు. లోపల వేడి తగ్గదు కాబట్టి అది పారుతూనే ఉంటుంది. పైనుంచి రావడం ఆగాక లోపలిదంతా జారిపోతే ఖాళీ గొట్టం మిగులుతుంది. అదే లావా గుహ" అని చెప్పారు మాస్టారు. హవాయిలోని కాజుమూరా గుహ దాదాపు 65 కిలోమీటర్ల పొడవుందని, మన వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కనును కప్పేసిన లావాయేనని వివరించారు. "మరి ఢిల్లీలో?" అన్నాడు వాడు. "ఢిల్లీది వేరే రాయి. ఇక్కడ లావా గుహ వెతకడమంటే యమునలో సముద్రపు చేపకు గాలం వేయడమే."

పిల్లాడి మొహం వాడిపోయింది. అప్పుడు నా నోటి నుంచే ఆ మాట వచ్చింది. "లావాది కాదు గానీ, మనకు గంట దూరంలోనే ఓ గుహ ఉంది. పాతరాతి యుగం మనుషులు బొమ్మలు గీశారట." ఇంట్లో నిద్ర తూగుతున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ప్రయాణం ఆదివారానికి పెట్టుకున్నాం. మూడు కార్లు, పదమూడు మంది, రెండు డబ్బాల పులిహోర.

"అంత బాగా తెలిసినదానివి ఎప్పుడు చూశావు?" అని పిన్ని అడిగింది. చూడలేదని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆరావళి కొండల మీద నేను రాసిన వార్తలు ఓ ఫైలు నిండా ఉన్నాయి. గుజరాత్ నుంచి ఢిల్లీ దాకా దాదాపు 700 కిలోమీటర్లు సాగే ఈ పర్వత శ్రేణి మీద సుప్రీంకోర్టు ఎప్పుడు ఏమందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఫరీదాబాద్, గుర్గావ్, మేవాత్ జిల్లాల ఆరావళిలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది 2009 మేలో. 1900 నాటి పంజాబ్ భూ సంరక్షణ చట్టాన్ని సడలిస్తూ హర్యానా శాసనసభ సవరణ బిల్లు ఆమోదించింది 2019 ఫిబ్రవరిలో. కోర్టు మండిపడి దాన్ని అమలు చేయొద్దన్నది రెండు రోజులకే, మార్చి 1న. ఆ చట్టం నాలుగో సెక్షన్ కింద ప్రత్యేక ఉత్తర్వులున్న భూమిని అడవిగానే చూడాలని తీర్పిచ్చింది 2022 జూలై 21న. ఇవన్నీ రాశాను. మాంగర్ పేరు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కోర్టు వరండాల్లో నిలబడి, వకీళ్ళకు ఫోన్లు చేసి, ఆఫీసులో కూర్చుని రాసినవే అన్నీ. కొండ మీద కాలు పెట్టింది లేదు.

ఆదివారం ఉదయం పొగమంచు విడిచేసరికి పదయింది. గురుగ్రామ్, ఫరీదాబాద్‌లను కలిపే రోడ్డెక్కాక ముందుగా ఎదురయ్యే కొండ ఆరావళి కాదు. రెండు నగరాల చెత్తను ఏళ్ళ తరబడి తెచ్చిపోసిన బంధ్‌వాడీ డంపింగ్ యార్డు. కారు అద్దాలు ఎత్తినా వాసన ఆగలేదు. పైన గద్దలు గుంపులుగా తిరుగుతున్నాయి. "లావా ఇదేనా అత్తా?" అని మేనల్లుడు ముక్కు మూసుకున్నాడు. అది దాటాక రోడ్డు పక్కన ఎత్తైన గోడలు మొదలయ్యాయి. గోడ వెనక గోడ. కొన్నింటికి ఇనుప గేట్లు, గేట్ల మీద ఫార్మ్ అని పేర్లు. పంట మాత్రం ఎక్కడా కనిపించలేదు.

డ్రైవ్ చేస్తున్నది మా పిన్ని కొడుకు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మామూలుగా నోరు మూత పడదు. ఆ గోడల దగ్గరికి వచ్చాక ఎందుకో మాట్లాడటం మానేశాడు. నేనప్పుడు పట్టించుకోలేదు.

ఊరి మొదట్లో ఓ యువకుడు మాకోసం ఎదురు చూస్తున్నాడు. గుజ్జర్ కుటుంబం, పాతికేళ్ళుంటాయి. పరిచయమున్న ఓ పర్యావరణ కార్యకర్త ద్వారా అతన్ని పట్టుకున్నాను. కార్లు దిగగానే అందరినీ వరసగా నిలబెట్టి షరతులు చెప్పాడు. కొమ్మ విరవకూడదు. ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్ళకూడదు. గుహ గోడను, కప్పును ముట్టుకోకూడదు. చివరి షరతు నాకోసం ప్రత్యేకం. "దీదీ, మీరు పత్రికలో రాస్తారట. రాసుకోండి. దారి మాత్రం రాయకండి. ఫోటో తీస్తే ఫోన్లో లొకేషన్ ఆపి తీయండి."

గుహ కంటే ముందు వచ్చేది బనీ. బనీ అంటే దేవుడి వనం. సుమారు 677 ఎకరాల లోయ. మాంగర్, బంధ్‌వాడీ, బలియావాస్ ఊళ్ళ వాళ్ళు గుదరియా దాస్ బాబా పేరు మీద కాపాడుకుంటున్నది. ఆ వనంలో కొమ్మ విరిచినవాడికి, పశువుల్ని మేపినవాడికి కీడు తప్పదని తరతరాల నమ్మకం. ఢిల్లీ చుట్టుపక్కల మరెక్కడ చూసినా బ్రిటిష్ వాళ్ళ కాలంలో తెచ్చి నాటిన సర్కారు తుమ్మే కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ధౌ చెట్లు. మన చిరుమానుకు దాయాది. బండ సందుల్లో వేళ్ళు దింపి బతికే మొండి చెట్టు. చలికి ఆకులు రాగి రంగుకు తిరిగాయి. లోయ అంచున నిలబడితే అటు దిగువన ఆ రాగి రంగు, దూరంగా పొగమంచులో గురుగ్రామ్ అద్దాల మేడలు ఒకే చూపులో పడతాయి. మా గుంపు అంతసేపు మాట్లాడకుండా నిలబడటం అదే మొదటిసారి.

హర్యానా ప్రభుత్వం 2016లో ఈ బనీని, చుట్టూ 500 మీటర్ల మేర భూమిని నిర్మాణాలు చేయరాని ప్రాంతంగా ప్రకటించింది. ఆ ఉత్తర్వు రావడానికి ముందు ఎన్ని వందల ఏళ్ళు ఇది నిలిచిందో గానీ, నిలబెట్టింది మాత్రం ఓ బాబా మీది భయమూ భక్తీ. మా మాస్టారు ఆంజనేయస్వామికి తప్ప ఎవరికీ మొక్కరు. ఆయన కూడా చెప్పులు విడిచి బాబా గుడి వైపు తిరిగి నమస్కారం పెట్టారు.

గుహకు చేరడానికి బండల మీద ఎక్కడం, ముళ్ళలో వంగి నడవడం అన్నీ అయ్యాయి. పిన్నిని ఓ చదునైన రాయి మీద కూర్చోబెట్టి పులిహోర డబ్బాలకు కాపలా పెట్టాం. మిగిలినవాళ్ళం నలుగురేసి చొప్పున లోపలికి వెళ్ళాం. గుహ అనేకంటే రాతి చూరు అనడం సబబు. పెద్ద బండ ముందుకు వాలి కింద ఓ గదంత చోటు మిగిలింది. మోకాళ్ళ మీద దూరాలి. లోపలికెళ్ళాక వెల్లకిలా పడుకుంటే గానీ కప్పు కనిపించదు.

పడుకుని టార్చి వేశాను. మొదట ఏమీ లేదు. రాయి, మసి, సాలెగూడు. కళ్ళు అలవాటు పడ్డాక జేగురు రంగు గీత ఒకటి తేలింది. దాని పక్కన ఇంకొకటి. గీతలు కలిసి మనిషి ఆకారమయ్యాయి. కాస్త అవతల జంతువులాంటిది, ఆకుల్లాంటివి, గళ్ళ గళ్ళ ముగ్గులాంటిది. కొన్ని వెలిసిపోయి అనుమానంగా ఉన్నాయి. కొన్ని నిన్న వేసినట్టున్నాయి. తెల్లరంగువీ ఉన్నాయి. "తెల్లవి తర్వాతి కాలానివి అంటారు. ఎర్రవే పాతవి" అని గైడు గుసగుసగా చెప్పాడు. లోపల గట్టిగా మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. అయినా ఎవరూ మాట్లాడలేదు.

ఈ గుహలు ఊరివాళ్ళకు ఎప్పుడూ తెలుసు. మేకలు కాసేవాళ్ళు వానకు తలదాచుకునే చోట్లు ఇవి. ఆ గీతలు ఎంత పాతవో అడిగినవాళ్ళే లేరు. 2021 వేసవిలో హర్యానా పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి చూశారు. ఇవి ఎగువ పాతరాతి యుగానివి కావచ్చని, 20 వేల నుంచి 40 వేల ఏళ్ళ నాటివి కావచ్చని ప్రాథమికంగా అంచనా వేశారు. శాస్త్రీయంగా కాలనిర్ణయం జరిగితే గానీ ఏదీ ఖాయం కాదని కూడా అప్పుడే చెప్పారు. ఆ చుట్టుపక్కల రాతి పనిముట్లు దొరకడం మాత్రం కొత్త కాదు. దగ్గర్లోని అనంగ్‌పూర్‌లో 1990ల మొదట్లోనే భారత పురావస్తు సర్వే తవ్వకాలు జరిపి పాతరాతి యుగం పనిముట్లు బయటికి తీసింది.

మాస్టారు అరచేతిని కప్పుకు అంగుళం దూరంలో పెట్టి ముట్టుకోకుండానే రాయి సంగతి చెప్పారు. "ఇది క్వార్జైట్. సముద్రపు ఇసుక ఒత్తిడికి, వేడికి బిగుసుకుపోయి ఇంత గట్టి రాయయింది. వంద కోట్ల ఏళ్ళు దాటింది. మన బెలుం గుహల సున్నపురాయిలా నీళ్ళకు కరగదు. లావాలా పారదు. చీలుతుంది, విరుగుతుంది, అంతే. అలా విరిగిన సందే ఈ గుహ." మేనల్లుడు బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ ఇంకా లావా దగ్గరే ఉన్నాడు. చంద్రుడి మీద కూడా లావా గుహలున్నాయని, మన చంద్రయాన్-1 పంపిన చిత్రాల్లో దాదాపు 1.7 కిలోమీటర్ల గుహ ఒకటి ఉందని 2011లో ఇస్రో శాస్త్రవేత్తలు ప్రకటించారని, మనుషులు అక్కడికెళితే ఎండ వేడి, రేడియేషన్ తగలకుండా అందులో ఉండొచ్చని మాస్టారు చెప్పారు. పిల్లాడు కాసేపు ఆలోచించి, "అయితే మళ్ళీ గుహల్లోకే వెళతామా తాతగారూ?" అన్నాడు. అందరం నవ్వాం.

ఆ నవ్వులో నేను పూర్తిగా కలవలేకపోయాను. 2021 వేసవి అనగానే నాకు గుర్తొచ్చేది ఈ బొమ్మలు కాదు. అదే ఫరీదాబాద్ జిల్లాలో, అదే ఆరావళి అంచున ఉన్న ఖోరీ బస్తీ. అటవీ భూమిలో ఉందని దాన్ని ఆరు వారాల్లో తొలగించాలని 2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. దాదాపు పది వేల ఇళ్ళు. గనుల్లో రాళ్ళు కొట్టడానికి వచ్చి తవ్వకాలు ఆగిపోయినా అక్కడే మిగిలిపోయిన కూలీలతో మొదలైన ఊరది. జూలైలో బుల్డోజర్లు వచ్చాయి. వానలో, ఇనుప రేకుల కుప్ప పక్కన ఓ ముసలావిడ నాకు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న కాగితం చూపించింది. పది రూపాయల స్టాంపు మీద స్థలం కొన్న కాగితం. డబ్బులు తీసుకున్న మనిషి పేరుంది. ఆ మనిషి మాత్రం ఎప్పుడో మాయమయ్యాడు. చట్టం దృష్టిలో అది చెల్లని కాగితం. ఆవిడకు అదే ఇల్లు. ఆ రోజు వార్త పంపి నేను మయూర్ విహార్ వచ్చి అన్నం తిన్నాను. అదే కొండల్లో రోడ్డు పక్క గోడలు, ఇనుప గేట్లు ఉన్నాయని తెలుసు. వాటిమీదా కోర్టు కేసులున్నాయని, కొన్నింటిని కూల్చారని కూడా తెలుసు. కానీ బుల్డోజర్ ముందు ఏ దారిన పోతుందో ఆ వేసవిలో కళ్ళారా చూశాను.

పులిహోర తింటున్నప్పుడు తమ్ముడు నోరు విప్పాడు. "అక్కా, నీకు గుర్తుందా, రెండేళ్ళ కిందట ఓ ఖస్రా నంబరు పంపి చూసి చెప్పమన్నాను?" నాకు గుర్తు లేదు. తర్వాత ఫోన్లో వెతికితే దొరికింది. ఏదో పార్లమెంటు సమావేశాల హడావిడిలో ఉండి, "బానే ఉంటుందిలే, పేపర్లు వకీలుకు చూపించు" అని రెండు ముక్కలు కొట్టి వదిలేశాను. వాడు వకీలుకు చూపించలేదు. అక్క పత్రికలో పని చేస్తుంది, అక్క బానే ఉంటుందంది, అంతే. ఈ కొండల్లోనే అర ఎకరం ఫార్మ్‌హౌస్ స్థలానికి రెండు లక్షలు బయానా ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ ఇదిగో అదిగో అంటూ సాగుతోంది. పిన్నికి తెలియదు. పొద్దున మేం దాటి వచ్చిన గోడల్లో ఒకటి వాడి స్థలం పక్కదేనట.

"అక్కడ అందరూ కట్టుకున్నారు. ఏమీ కాదంటున్నాడు బ్రోకర్. నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు కదా" అన్నాడు. కోపంగా కాదు, ఎవరైనా ఔననాలని అన్నట్టు. మా మాటలు తెలుగులో సాగుతున్నా గైడుకు ఖస్రా అన్న మాట చెవిన పడింది. నంబరు అడిగి, అటు చెయ్యి చూపించి, "అది గైర్ ముమ్‌కిన్ పహాడ్" అన్నాడు.

గైర్ ముమ్‌కిన్ పహాడ్. రెవెన్యూ రికార్డుల మాట. సాగుకు వీలుకాని కొండ అని అర్థం. మన వైపు ఇలాంటి వాటిని పోరంబోకు కింద రాసేస్తారు. ఆ మాటను మనుషుల్ని తిట్టడానికి కూడా వాడతాం. పంట పండదు కాబట్టి పనికిరాదని అర్థం. ఈ కొండ మీద పడిన వాన బండల చీలికల్లోంచి భూమిలోకి దిగి బోర్లలో నీరవుతుంది. రాజస్థాన్ నుంచి వచ్చే దుమ్ముకు అడ్డం నిలబడుతుంది. ఇవేవీ ఆ గడిలో రాయడానికి చోటు లేదు.

భూమి బయటివాళ్ళ చేతికి ఎలా పోయిందో గైడు దాపరికం లేకుండా చెప్పాడు. ఊరుమ్మడి భూమిని 1970, 80 దశకాల్లో వాటాలుగా మార్చారు. వాటాల మీద బయటివాళ్ళు వచ్చి కొన్నారు. "మా తాత కూడా అమ్మాడు దీదీ. పొలం కాదు, పంట లేదు, రాళ్ళకు డబ్బులిస్తానంటే ఎవడు వద్దంటాడు? బనీ చెట్టు కొమ్మ విరవని మనిషే కొండ కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఇప్పుడు మా నాన్న, నేను కాపలా కాస్తున్నాం." ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊరికి అప్పగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు మీద కూడా నేనో వ్యాసం రాశాను. వేలిముద్ర వేసిన తాత అందులో లేడు.

తిరుగు దారిలో మేనల్లుడు ఇంకో చిక్కుప్రశ్న వేశాడు. టీవీలో విన్నాడట. "వంద మీటర్లు లేకపోతే ఇది ఆరావళి కాదా?" చుట్టుపక్కల నేల కంటే వంద మీటర్ల ఎత్తున్నవాటినే ఆరావళి కొండలుగా లెక్కించాలన్న నిర్వచనాన్ని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు ఆమోదించింది. రాజస్థాన్, హర్యానాల్లో జనం రోడ్డెక్కారు. డిసెంబరు 29న కోర్టే తన ఉత్తర్వును నిలుపుదలలో పెట్టింది. మేం కొండ ఎక్కింది ఆ తర్వాత మూడు వారాలకు. "ఎత్తు ఎంత అన్నది కాదు నాన్నా, ఎక్కడి నుంచి కొలవాలన్నదే తగాదా" అని మాస్టారు నవ్వారు. "బొమ్మలు గీసినవాళ్ళు కొలిచారా?" అన్నాడు వాడు.

దారి రాయొద్దన్న షరతు గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. దాచితేనే ఏదైనా మిగులుతుందని నేను నమ్మను. బెలుం గుహలే సాక్ష్యం. బిలం అన్న మాటే బెలుం అయింది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లో వాటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్ళు పట్టించుకున్న నాథుడు లేడు. 1982, 83లలో జర్మన్ గుహాన్వేషి హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం లోపలికి దిగి కొలిచింది. ఈలోగా చుట్టుపక్కలవాళ్ళకు అది చెత్త పోసుకునే గొయ్యి. పర్యాటక శాఖ శుభ్రం చేయించి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచింది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న 3,229 మీటర్ల ఆ గుహను టికెట్టు కొని చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చూపించకపోతే అది చెత్తకుండీగానే మిగిలేది.

మాంగర్ సంగతి వేరు. బెలుం గుహకు టికెట్టు గది ఉంది, కాపలాదారు ఉన్నాడు, గైడు ఉన్నాడు. ఇక్కడ కాపలా అంటే మాతో వచ్చిన కుర్రాడు, వాళ్ళ నాన్న, బాబా పేరు. వెల్లకిలా పడుకున్నప్పుడు బొమ్మల పక్కనే బొగ్గుతో రాసిన ఓ ప్రేమ జంట పేర్లు కూడా కనిపించాయి. ఆదివారానికి వంద మంది వస్తే ఆ జేగురు గీతలకు పదేళ్ళ ఆయుష్షు కూడా ఉండదు. ముందు కంచె, కాపలా, ఆ తర్వాత జనం. బెలుంలో ఆ క్రమం కుదిరింది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట మీదా, కర్నూలు దగ్గర కేతవరంలోనూ ఇలాంటి బొమ్మలే ఉన్నాయి. వాటికైనా ఇదే వరస.

అందుకే ఈ వ్యాసానికి పటం ఉండదు. ఎడిటర్ అడిగారు. "దారి చెప్పని ప్రయాణమేమిటమ్మా?" అన్నారు. మాటిచ్చానని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "సరే, పటం బదులు ఓ ఫోటో ఎక్కువ వేద్దాం" అన్నారు. లొకేషన్ ఆపి తీసినదే.

ఆ రాత్రే తమ్ముడు ఖస్రా నంబరు మళ్ళీ పంపాడు. రెండేళ్ళు ఆలస్యంగా, ఈసారి కూర్చుని హర్యానా భూ రికార్డుల వెబ్‌సైట్లో వెతికాను. చూడటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. భూమి రకం అన్న గడిలో గైడు చెప్పిన మూడు మాటలే ఉన్నాయి. ఫోన్ చేసి చదివి వినిపించాను. రెండేళ్ళ కిందట చూడనందుకు తప్పు నాదేనన్నాను. వాడు దాని జోలికి పోలేదు. "అమ్మకు నువ్వే చెప్పు అక్కా" అన్నాడు. మర్నాడు చెప్పాను. పిన్ని అరవలేదు. "పిల్లాణ్ణి పొద్దునంతా ఆ గోడల పక్కనుంచే తీసుకెళ్ళాడు చూడు" అని మాత్రం అంది.

స్థలం వద్దనుకుంటున్నానని తమ్ముడు బ్రోకర్‌కు చెప్పాడు. బయానా మీద ఆశ వదులుకునే చెప్పాడు. నాలుగో రోజుకే రెండు లక్షలూ పూర్తిగా ఖాతాలో పడ్డాయి. మేం ఆశ్చర్యపోయాం. సంగతి బ్రోకరే సంతోషంగా చెప్పాడు. ఎకరానికి ఇంకో ఐదు లక్షలు ఎక్కువిచ్చే పార్టీ దొరికిందట.